శ్రామిక న్యాయవాది వి.వి. గిరి

పాఠ్యభాగ ఉద్దేశం

న్యాయశాస్త్రం చదివి, ఆ విద్యను శ్రామికుల పక్షాన వినియోగించిన మహనీయుడు వరాహగిరి వేంకటగిరి. ఒక రైల్వే కార్మిక సంఘ నాయకుడు భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన తీరును, ఆయన జీవితంలో మాటకు, పదవికి మధ్య తలెత్తిన సంఘర్షణను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విశాఖపట్నంలో వన్ టౌన్ అని జనం పిలిచే పాతనగరం రేవును ఆనుకొని ఉంది. నేడు పెద్ద ఓడలు నేరుగా రేవు లోపలికి వస్తున్నాయి. 1933కు పూర్వం ఆ సౌకర్యం లేదు. ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసుకొని నిలిచేవి. కూలీలు మసూలా పడవలలో కెరటాలకు ఎదురేగి, సరుకులను ఓడలకు చేర్చేవారు. ఓడలలోని సరుకులను ఒడ్డుకు తెచ్చేవారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలి రేవులో ప్రవేశించడంతో విశాఖ చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైంది. మధ్య పరగణాల నుంచి రైలుమార్గంలో వచ్చిన మాంగనీసు ఖనిజం ఇక్కడి నుంచి విదేశాలకు తరలిపోయింది.

రేవు పెరిగింది గాని రేవు కూలీ బతుకు వెంటనే మారలేదు. ఓడ వచ్చిననాడు పని, రానినాడు పస్తు. ఎవరిని పనికి పిలవాలో, ఎవరిని పంపివేయాలో మేస్త్రీ ఇష్టం. దెబ్బ తగిలి మంచాన పడితే ఆ కుటుంబాన్ని ఆదుకొనే నాథుడు లేడు. ఈ దుఃస్థితిని తొలగించడానికి 1948లో రేవు కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని ననుసరించి 1959లో విశాఖపట్నం రేవు కార్మికులకు ప్రత్యేక పథకం రూపొందింది. పని లేని రోజున కూడా కార్మికునికి కొంత భరోసా ఉండాలన్న భావన చట్టరూపం ధరించింది.

ఇటువంటి చట్టాలు ఒక్కనాడు పుట్టలేదు. ఒక్కరి వలన పుట్టలేదు. కార్మికులు సంఘాలుగా ఏర్పడి, కష్టనష్టాలకోర్చి పోరాడినందువలన అవి సాధ్యమయ్యాయి. ఆ ఉద్యమానికి దేశమంతటా పునాదులు వేసిన తొలితరం నాయకులలో విశాఖకు సుమారు 275 కిలోమీటర్ల దూరాన, ఇదే తూర్పుతీర రైలుమార్గంలో ఉన్న బరంపురానికి చెందిన తెలుగు బారిస్టరు ఒకరు. ఆయనే వి.వి. గిరిగా ప్రసిద్ధికెక్కిన వరాహగిరి వేంకటగిరి.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడు ఆ పట్టణం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, జాతీయవాది. తల్లి సుభద్రమ్మ కూడ స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ధీరురాలు. ఇంట్లో న్యాయశాస్త్ర చర్చ, దేశభక్తి రెండూ నిత్యం వినిపించే వాతావరణంలో గిరి పెరిగారు. బరంపురంలోని కళ్లికోట కళాశాలలో చదివిన తరువాత, న్యాయవిద్య కోసం 1913లో సముద్రాలు దాటి ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరానికి చేరుకున్నారు.

ఆ కాలంలో న్యాయశాస్త్రం చదవగోరిన సంపన్న భారతీయ యువకులు చాలామంది లండనుకు పోయేవారు. గిరి డబ్లిన్‌కు పోవడం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. ఆయన అడుగుపెట్టిన 1913వ సంవత్సరంలోనే ఆ నగరంలో ఒక మహా కార్మిక సంఘర్షణ చెలరేగింది. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కనోలీ నాయకత్వంలోని కార్మిక సంఘంలో చేరబోమని సంతకం చేస్తేనే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. కార్మికులు తలవంచలేదు. యజమానులు పని స్థలాల తలుపులు మూసివేశారు. దాదాపు ఇరవై వేలమంది కార్మికులు నెలల తరబడి పనిలేక, పస్తులతో గడిపారు. 1914 ఆరంభంలో ఆకలికి తాళలేక వారు తిరిగి పనిలోకి పోవలసి వచ్చింది. పైకి అది ఓటమే. అయినా సంఘం అన్నది కూలీకి ఎంత విలువైనదో ఆ పోరాటం లోకానికి చాటింది.

గిరి చదివిన విశ్వవిద్యాలయ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనా కవి, విప్లవకారుడు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ పండుగనాడు ఐరిష్ దేశభక్తులు ఆంగ్ల ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. తిరుగుబాటు విఫలమైంది. మెక్‌డొనా, కనోలీ ఇద్దరూ తుపాకీ గుండ్లకు బలియయ్యారు. ఆ అలజడిలో ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానం గిరిపై కూడ పడింది. దేశం విడిచిపోవలసిందిగా ఆయనకు ఉత్తరువులందాయి. బారిస్టరు పట్టాతో 1916లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయన పట్టాతోపాటు మరొక పాఠాన్ని కూడ వెంట తెచ్చుకున్నారు. పరాయి పాలన నుంచి విముక్తి, శ్రమజీవికి అన్నం, గౌరవం వేరువేరు విషయాలు కావన్నదే ఆ పాఠం.

గిరి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదు చేసుకొని బరంపురంలో వృత్తి ఆరంభించారు. వృత్తి బాగా సాగుతున్న కాలంలోనే గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపునిచ్చారు. గిరి న్యాయవాద వృత్తిని విడిచిపెట్టారు. 1922లో కల్లు, సారాయి దుకాణాల ఎదుట జరిగిన నిరసనలలో పాల్గొని కారాగారానికి వెళ్లారు. న్యాయస్థానాన్ని విడిచినంత మాత్రాన ఆయన న్యాయవాది కాకుండా పోలేదు. ఆయన కక్షిదారులు మాత్రం మారిపోయారు. అంతవరకు కాగితాలు పట్టుకొని ఇంటికి వచ్చినవారి వ్యాజ్యాలు వాదించిన బారిస్టరు, ఇకమీదట వ్యాజ్యం వేయగల స్తోమతు లేనివారి పక్షాన నిలిచారు.

ఆ రోజులలో బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీ కలకత్తా నుంచి వాల్తేరు వరకు తూర్పుతీరం పొడవునా రైళ్లు నడిపేది. విశాఖ రేవు పుట్టుకకు, దాని తొలినాళ్ల అభివృద్ధికి ఈ రైల్వేతో గాఢమైన సంబంధం ఉంది. ఈ రైల్వే పెద్ద కర్మాగారం బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉండేది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలాది తెలుగువారు అక్కడికి వలసపోయి కొలిమిలో, లేతు మీద, ఇంజను కొట్టంలో పనిచేసేవారు. ఈనాటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట వినిపించడానికి ఇదే కారణం. ఆ రైల్వే కార్మికుల సంఘానికి గిరి నాయకులయ్యారు. 1920ల నడుమ అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపనలోనూ ముఖ్యపాత్ర వహించారు.

1927-28 సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌లో ఆయన నాయకత్వానికి పెద్ద పరీక్ష ఎదురయింది. ఖర్చు తగ్గించుకోవాలన్న నెపంతో కంపెనీ పలువురు కార్మికులను పని నుంచి తొలగించ సంకల్పించింది. కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె అంటే జీతం ఆగిపోవడం. జీతం ఆగితే పొయ్యిలో పిల్లి లేవదు. ఇటువంటి సమయంలో ఆకలి కోపంగా మారడం, కోపం హింసగా మారడం సహజం. హింస చెలరేగితే పోలీసులకు, కంపెనీకి అంతకంటె కావలసింది లేదు. గిరి ఈ సంగతి ఎరిగినవారు. కార్మికులను శాంతియుత మార్గం తప్పనీయకుండా నడిపిస్తూ, మరొకవైపు అధికారులతో సంప్రదింపులు సాగించారు. చివరకు కార్మికుల కోరికలకు రైల్వే యాజమాన్యం, ప్రభుత్వం తలొగ్గక తప్పలేదు. భారత కార్మికోద్యమ చరిత్రలో ఈ సమ్మె ఒక మైలురాయిగా నిలిచింది.

అప్పటికే గిరి పేరు దేశమంతటా వ్యాపించింది. 1926లో ఆయన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో గాంధీజీ కాంగ్రెసుకు ప్రాతినిధ్యం వహించగా, గిరి కార్మికులకు ప్రాతినిధ్యం వహించారు. రాజ్యాంగ సంస్కరణల చర్చలో రాజులకు, జమీందారులకు, మతవర్గాలకు చోటున్నట్లే, శ్రమచేసే వారికి కూడ చోటుండాలన్న సూత్రం ఆ విధంగా గుర్తింపు పొందింది.

1937 ఎన్నికలలో గిరి బొబ్బిలి రాజావారిపై పోటీచేశారు. రాజావారు అప్పటికి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసినవారు, జస్టిస్ పార్టీ అగ్రనాయకులు. పోటీ జరిగింది వారి సొంత గడ్డపై. జమీందారీ అధికారం ముందు ఒక కార్మిక నాయకుడు నిలవగలడా అని చాలామంది సందేహించారు. ఓటర్లు గిరినే గెలిపించారు. రాజాజీ మంత్రివర్గంలో ఆయన కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. నూలు మిల్లులలో తలెత్తిన వివాదాలను ఉభయపక్షాలను ఎదురెదురుగా కూర్చుండబెట్టి పరిష్కరించడానికి యత్నించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో భారతదేశాన్ని ప్రజల సమ్మతి లేకుండా దించినందుకు నిరసనగా 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గిరి మరల కారాగారం పాలయ్యారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో తిరిగి కార్మిక శాఖను చేపట్టారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1947 నుంచి 1951 వరకు గిరి సింహళంలో భారత హైకమిషనరుగా ఉన్నారు. అక్కడి తేయాకు తోటలలో తరతరాలుగా పనిచేస్తున్న భారత సంతతి కూలీలలో లక్షలమంది, 1948 నాటి పౌరసత్వ చట్టం వలన ఏ దేశపు పౌరులూ కాకుండా మిగిలిపోయారు. సముద్రం దాటిన కూలీకి కూలి డబ్బులే కాక, నిలువనీడ, పౌరహక్కు కూడ ప్రశ్నార్థకమేనని ఆ ఉదంతం తేటతెల్లం చేసింది.

1952లో శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం నియోజకవర్గం నుంచి గిరి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఇక్కడే ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టం ఆరంభమవుతుంది. దానిని అర్థం చేసుకోవడానికి అప్పటి చట్టాన్ని కొంచెం తెలుసుకోవాలి.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, యజమానులకు, కార్మికులకు తగవు వస్తే ప్రభుత్వం దానిని ఒక న్యాయ మండలికి అప్పగించవచ్చు. మండలి ఇచ్చిన తీర్పుకు ఉభయులూ కట్టుబడాలి. చూడడానికి ఇది మంచి ఏర్పాటుగానే తోస్తుంది. న్యాయవాది అయిన గిరికి మాత్రం ఇది నచ్చలేదు. ప్రతి తగవునూ న్యాయస్థానానికి ఈడ్చడం వలన ఏళ్లూ పూళ్లూ గడుస్తాయి. ఒకరు గెలిచి, మరొకరు ఓడి, పగలు మిగిలిపోతాయి. కార్మిక సంఘాలు తమ సొంత బలాన్ని మరచి వకీళ్లపై ఆధారపడతాయి అని ఆయన అభిప్రాయం. ఉభయులూ కూర్చుండి మాట్లాడుకోవాలి, కుదరకపోతే తామే ఒక మధ్యవర్తిని ఎన్నుకోవాలి, న్యాయస్థానం చిట్టచివరి మార్గం కావాలి అని ఆయన వాదించారు. ఇదే గిరి విధానంగా పేరుపొందింది. 1952లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ విషయంపై విస్తృతమైన చర్చ జరిగింది. అయితే సమ్మెలు పెరిగిపోతాయని కొందరు భయపడ్డారు. బలహీనమైన సంఘాలకు న్యాయ మండలియే దిక్కని కార్మిక నాయకులలోనే కొందరు అన్నారు. ఆ వాదనలోనూ నిజం లేకపోలేదు. చట్టాన్ని తన అభిమతం మేరకు మార్చడం గిరికి సాధ్యపడలేదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల వివాదం ముందుకు వచ్చింది. వారి జీతాల విషయమై 1953లో ఒక న్యాయ మండలి తీర్పు చెప్పింది. దానిపై అప్పీలు విన్న మండలి 1954లో ఉద్యోగులకు మరికొంత మేలు కలిగించే నిర్ణయం ఇచ్చింది. బ్యాంకులు ఆ భారాన్ని మోయలేవని తలచిన కేంద్ర ప్రభుత్వం, ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేటట్లు సవరించింది. కార్మిక మంత్రిగా ఉన్న గిరి సందిగ్ధంలో పడ్డారు. ఆయన నిర్బంధ తీర్పుల పద్ధతిని కోరినవారు కారు. కాని ప్రభుత్వమే ఆ మార్గాన్ని చూపి, సమ్మె వద్దు, తీర్పు కోసం వేచి ఉండండి అని కార్మికులకు చెప్పినప్పుడు, తీర్పు వచ్చిన తరువాత దానిని తానే మార్చడం న్యాయం కాదు. తగవు తీర్చే పెద్దమనిషి మాట మారిస్తే ఇక ఎవరు నమ్ముతారు? 1954లో గిరి మంత్రిపదవికి రాజీనామా చేశారు. తరువాత ప్రభుత్వం ఈ విషయమై ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం అప్పీలు మండలి నిర్ణయాన్ని చాలావరకు పునరుద్ధరించాలని సిఫారసు చేసింది. 1955లో పార్లమెంటు అందుకు అనుగుణంగా చట్టం చేసింది.

పదవిని వదులుకున్నవారికి ప్రజలు వెంటనే పట్టం కడతారన్న నియమం లేదు. 1957 ఎన్నికలలో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరి స్వల్ప తేడాతో ఓడిపోయారు. అక్కడ ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది, రెండవది సామాన్య స్థానం. ఆ రెండు స్థానాలనూ గిరిజన అభ్యర్థులే గెలుచుకున్నారు. సామాన్య స్థానాన్ని గిరిజన అభ్యర్థికి ఇవ్వడం చెల్లదని గిరి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు సామాన్య స్థానానికి కూడ అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యాజ్యంలో గిరి ఓడారు. ఆయన ఓడిన ఆ వ్యాజ్యమే బడుగువర్గాల హక్కును స్థిరపరచిన ప్రసిద్ధ తీర్పుగా నిలిచింది.

అనంతరం గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూయడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. కొద్ది నెలలకే ఆ పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. ఆయనకు ప్రధాన ప్రత్యర్థి మరొక తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన మీదట గిరి విజయం సాధించి, 1969 ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనప్పుడు, పదవిలో ఉన్న రాష్ట్రపతి అయి ఉండి కూడ ఆయన స్వయంగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యం చెప్పారు. చట్టం ముందు అందరూ సమానులే అన్న సూత్రాన్ని ఆచరణలో చూపారు. 1970లో న్యాయస్థానం ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

గిరి పదవీకాలం చివరి ఏడాదిలో ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దానికి ముందు నిలిచినది, గిరి తన యౌవనంలో పాలుపోసి పెంచిన రైల్వే కార్మికుల సమాఖ్యయే. ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించి సమ్మెను కఠినంగా అణచింది. మే 27న సమ్మె ముగిసింది. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపైననే నడుచుకోవాలి. అయినా ఖరగ్‌పూర్ సమ్మె నాయకుడు రాష్ట్రపతి భవనంలో ఉండగా రైల్వే కార్మికులు చెరసాలలకు వెళ్లవలసి రావడం చరిత్రలోని కఠిన సత్యం. ప్రభుత్వం మాటకు ఆయన ఎక్కువగా తలవొగ్గారన్న విమర్శ ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. 1954లో మంత్రిగా ఉండి పదవిని వదిలిన గిరిని, 1974లో రాష్ట్రపతిగా ఉండి పదవిలో కొనసాగిన గిరిని పక్కపక్కన నిలిపి చూసినప్పుడే ఆయన జీవితం మనకు పూర్తిగా అర్థమవుతుంది.

1974 ఆగస్టులో గిరి పదవీ విరమణ చేశారు. 1975లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో సత్కరించింది. 1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. 1974లో ఏర్పడిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో వి.వి. గిరి పేరు పెట్టారు. నోయిడాలోని ఆ సంస్థ కార్మిక సమస్యలపై పరిశోధన, శిక్షణ కొనసాగిస్తున్నది.

న్యాయవాది అనగానే మనకు నల్లకోటు, న్యాయస్థానం గుర్తుకు వస్తాయి. గిరి జీవితంలో న్యాయస్థానం తక్కువ, కార్మికుల సభాస్థలం ఎక్కువ. యజమానిని శత్రువుగా భావించకుండానే అతనిని ఎదిరించవచ్చునని, బలహీనునికి సంఘమే బలమని, ఇచ్చిన మాటకు ప్రభుత్వం కూడ కట్టుబడి ఉండాలని ఆయన నమ్మారు. పనిచేసే మనిషికి కూలితోపాటు మన్నన కూడ దక్కాలన్న ఆ నమ్మకం, రేవులోనైనా కర్మాగారంలోనైనా చెమటోడ్చే ప్రతి ఒక్కరికీ నేటికీ అవసరమే.

ప్రశ్నలు

1. డబ్లిన్ నగరంలో గిరి చూసిన సంఘటనలు ఆయన ఆలోచనలను ఏ విధంగా తీర్చిదిద్దాయి?

2. ఖరగ్‌పూర్ సమ్మెను గిరి నడిపిన తీరును వివరించండి.

3. గిరి విధానం అంటే ఏమిటి? దానిపై వచ్చిన అభ్యంతరాలను తెలపండి.

4. నిర్బంధ తీర్పులను ఇష్టపడని గిరి, ఒక తీర్పును సవరించినందుకు పదవిని ఎందుకు వదులుకున్నారు? మీ అభిప్రాయాన్ని రాయండి.

5. మీ ప్రాంతంలోని రేవు, కర్మాగారం లేదా మార్కెట్ యార్డులో పనిచేసే ఒక కార్మికునితో మాట్లాడి, వారి పనివేళలు, కూలి, భద్రతలను గురించి ఒక వ్యాసం రాయండి.